పదకొండోవాడి పుస్తకం

శామ్సన్ బ్యాగు సర్దే రోజు చొక్కాలన్నీ జ్యోతే మడతపెట్టింది. నాలుగు ఇస్త్రీ చొక్కాలు, రెండు ప్యాంట్లు, హైదరాబాదులో చలి ఉండదని వాడు మొత్తుకుంటున్నా వినకుండా ఒక స్వెటరు. బ్యాగు కూడా దానిదే. పోయిన దసరా పూజలకి ఖిదిర్‌పూర్ బజార్లో ముచ్చటపడి కొనుక్కుని, ఎక్కడికీ వెళ్ళే పని లేక ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా దాచుకుంది. తమ్ముడికోసం ఆ రోజు విప్పింది.

"పుస్తకం ఎట్టేవా మామ్మా?" అని అడిగింది.

"అడుగునెట్టీసేను. తువ్వాల్లో సుట్టి."

"ఓసారి తియ్యి. సూసి ఇచ్చీస్తాను."

"సర్దిందంతా సెదిరిపోద్దే. ఊరుకో."

ఊరుకుంది. నా మనవరాలికి తెలుగు చదవడం రాదు. బెంగాలీ బడిలో చదివింది, హిందీ కూడబలుక్కుంటుంది. తెలుగులో దానికి తెలిసిన అక్షరాలు దాని పేరు వరకే. ఎప్పుడో చిన్నప్పుడు పలక మీద నేనే నేర్పాను. ఆ పేరు ఎక్కడ కనిపించినా గుర్తుపడుతుంది. అందుకే తువ్వాలు విప్పనివ్వలేదు.

మనిషి గుమ్మం దాటిన వెంటనే ఇల్లు ఊడిస్తే కీడని నా నమ్మకం. వెళ్ళినవాళ్ళు చేరామని ఫోను చేసేదాకా ఇల్లు ఊడవను. ముప్ఫై నాలుగేళ్ళు కలకత్తా వీధులు ఊడ్చినదాన్ని, నా గదిలో చీపురు ముట్టుకోనంటే ఇరుగుపొరుగు నవ్వుతారు. నవ్వనీ. నా కొడుకు, ఈ పిల్లల తండ్రి ఎలీయాజరు ఓ పొద్దున్న చెత్తబండి డ్యూటీకని, ఇళ్ళముందు ఊదే ఈల మెడలో వేసుకుని వెళ్ళినప్పుడు నేను వెంటనే ఇల్లు ఊడ్చేశాను. వాణ్ణి మధ్యాహ్నం నలుగురు మోసుకొచ్చారు. వాడి ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. శామ్సన్ అప్పుడు పదో తరగతి. ఇరవై రెండేళ్ళ జ్యోతి చెత్తబండి అందుకుంది. ఆ బండి వల్లే ఏక్‌బాల్‌పూర్‌లో ఈ కార్పొరేషన్ క్వార్టరు మాకు నిలిచింది. వాడి చదువూ దానివల్లే సాగింది.

ఇదంతా మొదలైంది బ్యాగు సర్దడానికి నాలుగు నెలల ముందు, సెప్టెంబరులో.

శామ్సన్‌కి సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం. అమెరికా వాళ్ళు ఆడే బంతాట వీడియోలు చూసి, ఏ ఆటగాడు ఏ క్షణాన ఏం చేశాడో రాయాలి. ఆ రాతల్ని వీళ్ళ కంపెనీ అక్కడి క్లబ్బులకి అమ్ముతుంది. వారానికి మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంట్లోనే మంచం మీద ల్యాప్‌టాపు. ఆ సీజనుకి వాడికి ఒకే ఒక మనిషిని అప్పగించారు. చొక్కా మీద పదకొండో నంబరు. పేరు నాకు నోరు తిరగలేదు, మేమంతా పదకొండోవాడనే అనుకునేవాళ్ళం. వాణ్ణి ఇంకో అయిదేళ్ళు ఉంచుకోవాలా వదిలేయాలా అని వాడి క్లబ్బు తేల్చుకోలేకపోతోందట. వాడి చెయ్యి ఎంత బలమైనదో, కాళ్ళు ఎంత వేగమో కొలిచేవాళ్ళు వేరే ఉన్నారు. మా వాడు రాయాల్సింది వాడి బుర్ర గురించి.

జ్యోతి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వచ్చేది. స్నానం చేసి, అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తమ్ముడి పక్కన కూర్చుని తినేది. శామ్సన్ అక్కని అప్పా అనే పిలుస్తాడు. మొదటి రోజు చూస్తూ చూస్తూ అడిగింది.

"ఈడేట్రా, ఎప్పుడూ ఎనక్కే నడస్తాడు?"

"ఈడే క్వార్టర్‌బ్యాక్ అప్పా. బంతి ముందు ఈడి చేతికే వస్తాది. ఎవరికి విసరాలో ఈడే తేల్చాలి. మూడు సెకన్ల టైము."

"మూడు దాటితే?"

"ఎదర కొండల్లాంటోళ్ళు నలుగురున్నారా? ఈడి మీద పడి నలిపీస్తారు."

"క్వార్టరంటే మన కొంపే కదరా, ఈడి ఎనకాల కొంపేటి?" అన్నాను నేను. ఇద్దరూ పడి పడి నవ్వారు. ఆ గదిలో అంత నవ్వు విని చాలా కాలమైంది. నేను కూడా ముక్కాలిపీట జరుపుకుని దగ్గరగా కూర్చున్నాను.

ఆ బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొనదేలి దోసకాయలా ఉంటుంది. పదకొండోవాడు దాన్ని పట్టుకుని వెనక్కి నాలుగడుగులు వేస్తాడు. వాడి మనుషులు నలుగురైదుగురు తలో దిక్కూ పరిగెడతారు. ఒక్కొక్కణ్ణీ శత్రువు ఒకడు అంటిపెట్టుకుని ఉంటాడు. ఆ రోజు పదకొండోవాడు అటూ ఇటూ చూసి బంతిని గీత బయటకి, మనిషే లేని చోటికి గిరాటేశాడు. జనం గోల పెట్టారు. శామ్సన్ మైనస్ కొట్టాడు.

"మైనస్సెందుకురా?" అంది జ్యోతి.

"ఎవరికీ వెయ్యలేదు కదా. పిరికోడని అక్కడ పేపర్లోళ్ళు కూడా రాస్తన్నారు."

"ఎనక్కి తిప్పు. ఆపు. సూడు, నలుగురికీ నలుగురు అతుక్కునున్నారు. ఎవడికేసినా ఆళ్ళ సేతిలోనే పడతాది. బయటికిసిరీసేడు, బంతి మనదే ఉండిపోనాది, మళ్ళీ ఆడొచ్చు. వాట్‌గంజ్ సందులో ఎదర నుంచి లారీ వొస్తే నేను బండి పక్కకి లాగీయనేటి? అది పిరికితనవేటి? ఆ పేపరోళ్ళని ఓరోజు నా బండి తొయ్యమను."

శామ్సన్ తల గోక్కుని మైనస్ తీసేశాడు.

అలా మొదలైంది. తొమ్మిదేళ్ళు ఓడరేవు లారీల మధ్య, రిక్షాల మధ్య, బళ్ళ మధ్య బండి తోసిన పిల్ల అది. ఖాళీ ఎక్కడ ఉందో కాదు, రెండు అంగలు వేసేసరికి ఎక్కడ పుడుతుందో దానికి కనిపించేది. పదకొండోవాడు ఎడమవైపు చూస్తూ అక్కడి కాపలావాణ్ణి తన చూపుతోనే పక్కకి జరిపి, ఆ మరుక్షణం కుడివైపుకి బంతి వేయడం మొదట పట్టుకున్నది అదే. "కళ్ళతో అబద్ధం ఆడతన్నాడే మామ్మా, ఎంత నంగనాచో సూడు!" అని మురిసిపోయింది. శామ్సన్ మూడుసార్లు తిప్పి చూస్తే గానీ వాడికి అర్థం కాలేదు.

అది చెప్పే వేగానికి శామ్సన్ వేళ్ళు అందుకోలేకపోయేవి. "నేను రాస్తాను, పొద్దోయేక సదివి ఇనిపిస్తాను, అప్పుడు నీ ఇంగ్లీషులో కొట్టుకో" అన్నాను.

నేను బడికి వెళ్ళలేదు. విశాఖపట్నం నుంచి ఏటేటా వచ్చే గోడ క్యాలెండరు చూసి, చర్చిలో పాటల బోర్డు చూసి అక్షరాలు కూడగట్టుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా మా స్త్రీల సమాజంలో సాక్ష్యాల పుస్తకం నాదే. శుక్రవారం ఒక్కొక్కరూ లేచి తమకి జరిగింది చెప్తారు, నేను రాస్తాను. ముందు పైన చెప్పినవాళ్ళ పేరు, తేదీ, ఆ కింద వాళ్ళ మాట, వాళ్ళు అన్నట్టుగానే. మాట ఎవరిదో పైన రాయకుండా మాట రాయకూడదని నాకు ఆ పని అప్పగించిన మా పాత పాస్టరమ్మ చెప్పింది. పేరు లేని సాక్ష్యం మా సంఘంలో చెల్లదు. అందుకని ఈ పుస్తకంలోనూ ప్రతి పేజీ పైన 'జ్యోతిరాణి చెప్పినది' అని రాసి గీత గీసేదాన్ని. ఆ నాలుగు అక్షరాల మీద జ్యోతి వేలు పెట్టి "ఇది నేను" అనేది. ప్రతిరోజూ అనేది, చిన్నపిల్లలా.

నవంబరుకి శామ్సన్ రాతలకి ఆఫీసులో పేరొచ్చింది. హైదరాబాదు పెద్దాఫీసు వాళ్ళు ప్రత్యేకంగా ఫోను చేసి మెచ్చుకున్నారట. డిసెంబరులో ఒకరోజు కొత్త బెల్లం సందేశ్ పెట్టె పట్టుకొచ్చి వాడే చెప్పాడు.

"అప్పా, జనవరిలో నలుగుర్ని తీసుకుంటారంట. చదువు అడగరు. ఆట చూపిస్తారు, ఏం చూసేవో చెప్పమంటారు. హిందీలో చెప్పినా, బెంగాలీలో చెప్పినా ఠీక్ ఆఛే. పనిచేసేవాళ్ళు తలో పేరు ఇయ్యొచ్చు."

జ్యోతి సందేశ్ నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "నా పేరిస్తావేట్రా?"

"నీది కాపోతే ఎవరిదిస్తాను? నీ బుర్రే కదా అది."

నా ఎదుటే అన్నాడు. అది మొదలు జ్యోతి పొద్దున్న డ్యూటీకి వెళ్తూ "ఇంకెన్నాళ్ళులే ఈ ఈలా, ఈ బండీ" అనడం మొదలుపెట్టింది. నవ్వుతూనే అనేది. నాకు మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ గోడలు కదిలినట్టుండేది. బండి వదిలేస్తే క్వార్టరు వదిలేయాలి. ఈ వయసులో నేను ఎక్కడికి పోవాలి? ఎవరికీ చెప్పలేదు. రాత్రి ప్రార్థనలో కూడా పైకి అనలేదు.

క్రిస్మసు వెళ్ళిన రెండో రోజు జ్యోతి ఒక పేజీ రాయించింది. ఆ పేజీ గురించే తరవాత అందరూ మాట్లాడుకున్నారు.

"రాయి మామ్మా. ఈ పదకొండోడికి ఒక రోగం ఉన్నాది. అంతా బాగున్నపుడు ముగ్గుర్ని సూసి గానీ ఎయ్యడు. కుడిపక్క నుంచి మీదకొచ్చీసేరనుకో, మూడోవాణ్ణి సూడనే సూడడు. ఎనభైనాలుగో నంబరోడికే ఏసెత్తాడు. ఆడి సుట్టూ ఇద్దరున్నా ఏసెత్తాడు. ఆరు ఆటల్లో తొమ్మిదిసార్లు సూసేను."

"ఆడికే ఎందుకే?"

"ఇద్దరూ పాత క్లబ్బు నుంచి కలిసొచ్చినోళ్ళంట. అలవాటు. బయ్యవేస్తే తెలిసినోడి దగ్గరికే ఎల్తాది సెయ్యి. పక్కన ఇంకోడు ఖాళీగా సెయ్యెత్తి నిలబడున్నా కనబడడు. రాసేవా? పెద్ద ఆటలో ఒకరోజు దీనికే మునిగిపోతాడు."

రాశాను. పైన పేరు కూడా రాశాను.

జనవరి మొదటి వారంలో ఒక మంగళవారం, జ్యోతి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. శామ్సన్ కొత్త నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అట్టమీద గులాబీ పువ్వు.

"హైదరాబాదు రమ్మన్నారు మామ్మా. రెండు వారాలు. పుస్తకం కూడా పట్టుకురమ్మన్నారు. పాతదాని నిండా నూనె మరకలు. దీంట్లో ఎత్తి రాయి."

"సరే."

"పైన పేర్లు వద్దు."

నేను తలెత్తి చూశాను. "ఎందుకురా?"

"ఆఫీసు కాగితం కదే. పేజీ పేజీకీ పేరుంటే చర్చి పుస్తకంలా ఉంటాది. పేరు నేను ఫారంలో ఇంగ్లీషులో ఇస్తాను." గొంతు తగ్గించాడు. "ఇంకోటి ఆలోచించు. అప్ప ఇప్పుడు బండి వదిలీస్తే ఈ గది ఉంటాదేటి? నాకింకా పర్మనెంటు కాలేదు. నువ్వెక్కడికెళ్తావు? ఒక్క ఏడాది. నేను లీడర్నయిపోతే అందర్నీ చూసుకుంటాను."

"మరి దాని పేరు ఇస్తావా, ఇయ్యవా?"

"ఇస్తానంటన్నాను కదా."

ఆ మాట అంటున్నప్పుడు వాడు గోడమీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు. ఆ సీజనంతా ఒక మనిషి నోటితో ఏం చెప్తున్నాడో కాదు, కళ్ళు ఎటు తిప్పుతున్నాడో రాసినదాన్ని నేను. చూశాను. చూసి, కలం తీసుకున్నాను.

మొదటి పేజీలో అలవాటు ప్రకారం చెయ్యి పైకి పోయింది. 'జ్యో' అని పడింది. ఆ కాగితం చించి, ఉండచుట్టి, పొయ్యి పక్కన పడేశాను. ఆ తరవాత చెయ్యి తప్పలేదు. అరవై రెండు పేజీలు, నాలుగు రోజులు, జ్యోతి డ్యూటీలో ఉన్న వేళల్లో. అది వచ్చేసరికి పుస్తకం నా దిండు కింద ఉండేది. పాతది బియ్యం డబ్బా వెనక పెట్టాను. పారేయడానికి చెయ్యి రాలేదు.

ఆ పై వారం, పన్నెండో తేదీ శుక్రవారం మధ్యాహ్నం శామ్సన్ టాక్సీ ఎక్కాడు. సందు మొగదాకా బ్యాగు మోసింది జ్యోతే. వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఆ పరీచ్చకి సీర కట్టుకోవాలో, సల్వార్ ఏసుకోవాలో అడగడం మరిసిపోనాను" అంది.

మూడో రోజున, నేను కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంటే ఫోను ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"మామ్మా! ఏసీసేడే! కుడిపక్క నుంచి ఆళ్ళోడొచ్చేడు, ఈడు బయ్యపడి ఎనభైనాలుగుకే ఏసీసేడు! మద్దిలో ఆళ్ళు పట్టీసేరు. అయిపోనాది ఆట!"

కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఎవరికేమైందోనని కంగారుపడ్డారు. జ్యోతి నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఎంత బాగా ఆడతాడో. ఎవలైనా ముందే ఆడికి సెప్పుంటే బాగుణ్ణు."

ఆ మాట ముందే రాసినవాళ్ళు ఎవరని హైదరాబాదులో వాకబు చేశారట. ఈ సంగతి మాకు తరువాతి శనివారం ప్రదీప్‌కుమార్ వచ్చి చెబితే తెలిసింది. ఆ అబ్బాయిది విశాఖపట్నం, శామ్సన్ పక్క సీటు. ఏడాది కిందటే కలకత్తా వచ్చాడు. సాయంత్రం నాలుగింటికి, స్వీట్ల పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"మామ్మగారూ, మీ చేతిరాత చూశాక మిమ్మల్ని చూడకుండా ఉండలేకపోయానండీ. ఎంత ముత్యాల్లాంటి అక్షరాలు!"

కూర్చోమన్నాను. జ్యోతి, బెంగాలీ అలవాటున అన్నా అనడానికి దాదా అని పలకరించి, టీ పెట్టడానికి స్టవ్వు వెలిగించింది.

"శామ్సన్ మామూలోడు కాదండీ. మా గ్రూపులో ఫొటో పెట్టారు చూడండి. హైదరాబాదులో అంతా తెలుగువాళ్ళే కదా, పేజీలు పోటీలుపడి చదివారట. మనవడు ఆట చూస్తూ చెప్పడం, మామ్మగారు రాయడం... అమెరికా వాళ్ళకి కూడా ఈ కథే చెప్పారు. శామ్సన్ని టీమ్ లీడర్ని చేస్తున్నారు."

జ్యోతి చెయ్యి తుడుచుకుని వచ్చి ఫోను అడిగి తీసుకుంది. ఫొటోలో శామ్సన్ నవ్వుతూ గులాబీ పువ్వు పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. అది రెండు వేళ్ళతో పేజీని పెద్దది చేసింది. పైకి జరిపింది. ఇంకా పైకి జరిపింది.

"దాదా, పైన కట్టయిపోనాదేటి?"

"లేదండీ. పేజీ మొత్తం అంతే."

"కింద ఏటి రాసున్నాది? సదవండి."

ఆయన చదివాడు. అంతా బాగున్నప్పుడు ముగ్గుర్ని చూసి గానీ వెయ్యడు, అనే చోటినుంచి చివరిదాకా. నా చేతిరాతలో జ్యోతి మాటలు, ఇంకొకరి గొంతులో. అది తల వంచుకుని వింది.

"నలుగుర్ని తీసుకుంటారన్నారు కదా దాదా. పేర్లు ఇచ్చీసేరా?"

"గురువారంతో అయిపోయిందండీ. మా శామ్సనే ఎవరి పేరూ ఇవ్వలేదు. తెలిసినవాళ్ళు లేరన్నాడు. మీకెవరైనా ఉన్నారా?"

"లేదు దాదా." స్టవ్వు దగ్గరికి వెళ్ళింది. "మీకు పంచదార ఎన్ని చెంచాలు?"

ఆయన టీ తాగి, నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోయాడు. గ్లాసులు కడిగాక జ్యోతి బియ్యం డబ్బా జరిపి పాత పుస్తకం బయటికి తీసింది. అది అక్కడ ఉందని దానికి ఎలా తెలుసో నాకు తెలీదు. నేల మీద కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పుతూ పైన తన పేరు మీద వేలు పెట్టుకుంటూ పోయింది. చివరిదాకా తిప్పి అడిగింది.

"నువ్వే తీసీసేవా, ఆడు తియ్యమన్నాడా?"

"ఆడే తియ్యమన్నాడే."

"అయితే నువ్వే తీసేవన్నమాట."

పుస్తకాన్ని తన ట్రంకులో పెట్టుకుంది.

శామ్సన్ ఇరవై ఏడో తేదీన తిరిగొచ్చాడు. బిస్కట్ల డబ్బాలు, నాకు శాలువా, అక్కకి చేతిగడియారం. జ్యోతి వాడికి అన్నం వడ్డించింది, చేపల పులుసు పోసింది. వాడు రెండో ముద్ద కలిపేదాకా ఆగింది.

"ఎవలు సెప్పినాదో అడిగేరేట్రా?"

వాడి చెయ్యి ఆగింది. "అడిగేరు."

"ఏటి సెప్పేవు?"

"ఇంట్లో అందరం కూచుని చూస్తాం అన్నాను."

"అందరం."

"అప్పా, పదిమంది కోట్లేసుకుని ఎదర కూచున్నారు. నువ్వేనా అన్నారు. నోట్లోంచి అవునని వచ్చీసింది. తరవాత ఎలా మారుస్తాను?"

"నా పేరు ఇస్తానన్నావు. అది కూడా నోట్లోంచే వచ్చినాదా?"

శామ్సన్ కంచం ముందుకి తోసేశాడు. "నువ్వు బండి వదిలీస్తే ఈ గది పోద్ది. మామ్మని రోడ్డు మీద కూచోబెట్టమంటావా? ఒక్క ఏడాది ఆగమంటన్నాను. నేను లీడర్ని. వచ్చే ఏడాది నేనే తీసుకుంటాను. మామ్మకీ చెప్పేను, మామ్మ ఒప్పుకున్నాది."

జ్యోతి నా వైపు తిరిగింది. కోపం లేదు దాని ముఖంలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నువ్వేటంటావు మామ్మా?"

వాడు ఎడమపక్క, అది కుడిపక్క. నేను రెండు వైపులా చూశాననే అనుకుంటున్నాను. చెప్పొచ్చు. నా చేత్తోనే రాసిన పాత పుస్తకం ఉంది, నేనే ఆ ఆఫీసుకి వెళ్ళి, ఇవి నా మనవరాలి మాటలు అని సాక్ష్యం చెప్పొచ్చు. అక్కడ తెలుగు చదివేవాళ్ళున్నారు. ప్రదీప్‌కుమార్‌ని అడిగితే తీసుకెళ్ళేవాడు. కానీ నాకు ఆ క్షణాన గోడలే కనిపించాయి, గోడమీద క్యాలెండరు కనిపించింది, ఈ గదిలోంచి మోసుకెళ్ళిన నా కొడుకు కనిపించాడు.

"ఒక్క ఏడాదే కదే" అన్నాను.

జ్యోతి చిన్నగా నవ్వింది.

"ఎనకనుంచి తరుముకొస్తే నువ్వూ ఎనభైనాలుగుకే ఏసెత్తావు మామ్మా." తమ్ముడి కంచం వాడి దగ్గరికి జరిపింది. "తినరా. సల్లారిపోతాది."

శామ్సన్ తిన్నాడు. నాకు వాడి మీద కోపం ఆ రోజు రాలేదు, తరవాత వచ్చింది. ఇప్పటికీ పోలేదు. నా చేత్తో నా మనవరాలి పేరు తీయించి, నేనే ఒప్పుకున్నానని దాని ముఖం మీదే చెప్పాడు. చెప్పింది అబద్ధమూ కాదు. దానికి నేను ఎవరిని నిలదీయను?

ఆ తరవాత పది రోజులూ జ్యోతి మామూలుగానే ఉంది. డ్యూటీకి వెళ్ళింది, వచ్చింది, వంట చేసింది. శామ్సన్ ల్యాప్‌టాపు తెరిస్తే మాత్రం అవతలి గోడకి తిరిగి పడుకునేది. వాడు ఓసారి "అప్పా, ఇది చూడు, ఇదేటో అర్థం కావట్లేదు" అన్నాడు. "నాకు నిద్దరొస్తంది" అంది. అది నిద్రపోలేదు. నాకు తెలుసు.

ఒక మంగళవారం పొద్దున్న అయిదున్నరకి రోజూలాగే డ్యూటీకని వెళ్ళింది. పదకొండింటికి వాళ్ళచేత పని చేయించే సర్దారు గవరయ్య సైకిలు గోడకి ఆనించి లోపలికి వచ్చాడు.

"పిన్నీ, జ్యోతి రాజీనామా కాగితం ఇచ్చీసి ఎల్లిపోనాది. బండి కడిగి సోటులో ఎట్టింది, ఈల, కార్డు నా సేతికిచ్చింది. ఏటే, ఏటైందే అంటే నవ్విందంతే. ఇంట్లో తెలుసునేటి?"

"ఎక్కడికెల్లింది?"

"హౌరా బస్సెక్కడం మా వోడు సూసేడంట."

దాని ట్రంకు తీశాను. రెండు సల్వార్లు లేవు. పుస్తకం లేదు.

ఈస్టరు ముందు ఒకసారి ఏదో తెలీని నంబరు నుంచి ఫోను చేసింది. వెనకాల చాలామంది మాట్లాడుకుంటున్న చప్పుడు.

"బాగానే ఉన్నాను మామ్మా. పని దొరికింది."

"ఏ పనే?"

"సూసే పని."

"ఎక్కడే? ఎవలి దగ్గరున్నావు? తిన్నావా? ఎప్పుడొస్తావే?"

"మందు ఏసుకుంటన్నావా?" అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. పెట్టేసింది. తిరిగి చేస్తే ఆ నంబరు పలకలేదు.

ఏ గది కోసం నేను అరవై రెండు పేజీల మీద పేరు రాయకుండా వదిలేశానో ఆ గది ఏప్రిల్ నెలాఖరుకి ఖాళీ చేశాం. ఇప్పుడు సాల్ట్ లేక్ దాపున అద్దె గదిలో ఉంటున్నాం. పదకొండోవాణ్ణి వాడి క్లబ్బు వదిలేసిందట. శామ్సన్‌కి సెప్టెంబరులో వేరే నంబరు మనిషిని ఇచ్చారు. "మామ్మా, నువ్వు కూడా చూసేదానివి కదా, కూచో" అన్నాడు. కళ్ళు కనబడటం లేదని చెప్పాను. ఈసారి వాడి రాతలు తిరిగొస్తున్నాయి, బాగా లేవని. వాడు నాకు చెప్పలేదు. ప్రదీప్‌కుమార్ చెప్పాడు.

స్త్రీల సమాజం పుస్తకం నేను వేరేవాళ్ళకి అప్పగించేశాను. ఎందుకని అడిగితే చెయ్యి వణుకుతోందన్నాను.

జ్యోతిరాణి రెండువేల ఇరవై నాలుగు ఫిబ్రవరి ఆరో తేదీ, మంగళవారం పొద్దున్న వెళ్ళింది. తిరిగి రాలేదు.